స్టెప్నీ అన్న మాట ఎక్కడిది? పంచర్ కథ, మన ఘాట్ రోడ్డు కథ

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్తుంటే లంబసింగి ఘాట్‌లో మా బావ ఆటో పంచరైంది. స్టెప్నీ దించి చూస్తే దాంట్లోనూ గాలి లేదు. ఫోన్ సిగ్నల్ కోసం బావ రెండు మలుపులు పైకి నడిచాడు. బండరాయి మీద పెయింటుతో రాసిన పంచర్ నెంబరు ఒకటి ఉంటే దానికి ఫోన్ చేశాడు. గంటన్నర తర్వాత కింద నుంచి ఒకాయన బైకు మీద వచ్చాడు. సంచిలో రాడ్లు, సొల్యూషన్, ప్యాచీలు, కాలితో తొక్కే పంపు ఉన్నాయి. ఊట నీళ్లు డబ్బాలో పట్టి ట్యూబు ముంచాడు. బుడగలు వచ్చిన చోట ఉప్పు కాగితంతో గీకి ప్యాచీ వేశాడు. పనికి అరగంట కూడా పట్టలేదు. ప్యాచీకి వంద, ఘాట్ ఎక్కి వచ్చినందుకు మూడొందలు తీసుకున్నాడు. బావకి ఆ రోజు సంపాదన అక్కడే అయిపోయింది.

రోడ్డు పక్కన కూర్చున్న ఆ గంటన్నరలో నాకు ఒక డౌటు వచ్చింది. స్టెప్నీ ఏ భాష మాట? హాస్టల్‌కి వచ్చాక వెతికాను. ఒక మాట కోసం వెతికితే పెద్ద చరిత్రే బయటపడింది. అందుకే ఈ పోస్టు.

పచ్చి రబ్బరు ఎండకి జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి వేడి చేస్తే గట్టిపడుతుందని కనిపెట్టాడు. లారీ టైర్ల షాపుల్లో ఈరోజుకీ వేసే వేడి ప్యాచీ వెనక ఉన్నది ఆ కిటుకే. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ డన్‌లప్ గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని మొదలుపెట్టిన పని అది. గాలి టైరు వచ్చింది, దాంతోపాటే పంచరూ వచ్చింది.

అప్పట్లో టైరుని రిమ్ముకి జిగురుతో అంటించేవాళ్లు. 1889లో ఫ్రాన్స్‌లో ఒక సైకిలు ఆయన పంచరైన టైరుతో మిషెలిన్ అన్నదమ్ముల కార్ఖానాకి వచ్చాడట. ఊడదీసి బాగుచేయడానికి మూడు గంటలు, జిగురు ఆరడానికి ఒక రాత్రి పట్టింది. ఇలా కుదరదని వాళ్లు ఊడదీసి మళ్లీ ఎక్కించుకునే టైరు చేశారు. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే సుమారు 1200 కిలోమీటర్ల సైకిలు పందెంలో ఆ టైర్లు వాడిన షార్ల్ తెరాంట్ గెలిచాడు. అంటే పంచర్ పని షాపులోంచి రోడ్డు మీదకి వచ్చింది అప్పుడే.

ఇక స్టెప్నీ. తొలి రోజుల కార్లకి స్పేర్ చక్రం లేదు. 1904లో వేల్స్ దేశంలోని లానెల్లీ ఊళ్లో డేవిస్ అన్నదమ్ములు ఒక ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని రిమ్ము, దాని మీద గాలి నింపిన టైరు. పంచరైన చక్రానికే దాన్ని పక్కన బిగించి బండి నడిపేయొచ్చు. వాళ్ల షాపు ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ వీధి పేరే మా బావ నోటి దాకా వచ్చింది. బ్రెజిల్‌లో కూడా స్పేర్ చక్రాన్ని ఎస్తెపి అంటారు.

ఇంతవరకూ కనిపెట్టినవాళ్ల కథ. పుస్తకాలు మామూలుగా ఇక్కడ ఆగిపోతాయి. మరి ఆ రబ్బరు ఎవరు తీశారు?

సైకిళ్లు, కార్లు పెరిగేకొద్దీ అడవి రబ్బరుకి గిరాకీ పెరిగింది. ఆఫ్రికాలోని కాంగో 1885 నుంచి 1908 దాకా బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తిలా ఉండేది. ఒక్కో ఊరు ఇంత రబ్బరు తేవాలని లెక్క పెట్టారు. మగవాళ్లు అడవి నుంచి రబ్బరు తెచ్చేదాకా ఆడవాళ్లని బందీలుగా ఉంచేవాళ్లు. తేలేకపోతే కొట్టడం, చంపడం. తూటా వృథా చేయలేదని చూపించడానికి సైనికులు చేతులు నరికి తెచ్చేవాళ్లు. నసాలా అనే తండ్రి, నరికేసిన తన చిన్న కూతురి చెయ్యి, పాదం ముందు పెట్టుకుని కూర్చున్న ఫోటో ఒకటి ఉంది. అలిస్ సీలీ హారిస్ అనే మిషనరీ 1904లో తీసింది. ఆ ఫోటో చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ దారుణాల మీద బ్రిటిష్ అధికారి రోజర్ కేస్‌మెంట్ రిపోర్టు వచ్చింది కూడా 1904లోనే. లానెల్లీలో స్టెప్నీ పుట్టిన సంవత్సరం అదే.

1910లో కేస్‌మెంట్ అమెజాన్ అడవిలోని పుటుమాయోకి వెళ్లాడు. అక్కడ హ్విటోటో, బోరా లాంటి ఆదివాసీ తెగల్ని ఒక రబ్బరు కంపెనీ బానిసల్లా వాడుకుంది. కొరడా దెబ్బలు, ఆకలి, హత్యలు. ఆ రిపోర్టు 1912లో అచ్చయింది. ఆలోగా ఆసియాలో తోటల రబ్బరు వచ్చేసింది. 1876లో హెన్రీ విక్హమ్ బ్రెజిల్ నుంచి లండన్‌కి తెచ్చిన సుమారు 70,000 గింజలతోనే దానికి పునాది పడింది. మలయా తోటల్లో పనికి మన విశాఖ, గోదావరి వైపు నుంచి కూడా కూలీలు ఓడలెక్కి వెళ్లారు.

టైరు కథ ఇది. మరి టైరు నడిచే రోడ్డు? మన మన్యంలో ఆ కథ మనకి తెలిసిందే. గూడెం ప్రాంతంలో డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ రోడ్డు పనికి గిరిజనుల్ని బలవంతంగా పెట్టి, సరైన కూలీ ఇవ్వలేదు. అడవిలో పోడు మీద ఆంక్షలతో పాటు ఈ వెట్టి కూడా 1922లో జనం అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి ఒక కారణం. ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. మేము పంచరై కూర్చున్నది ఆ చింతపల్లికి వెళ్లే రోడ్డు మీదే.

రబ్బరు తీసింది అడవిలో బతికేవాళ్ల చేతులు. మన రోడ్డు రాళ్లు మోసింది మన తాతల చేతులు. ఈరోజు ఆ రోడ్డు మీద పంచరైతే మాత్రం చెయ్యి కింద నుంచి రావాలి, మనం మూడొందలు ఇచ్చి ఎదురుచూడాలి. వచ్చినాయన తప్పేమీ లేదు. ఆయన పెట్రోలు, ఆయన టైము. నేనడిగేది, ఆ పని మన ఊళ్లో ఎందుకు లేదు అని.

విశాఖలో ఇప్పుడు ఫోన్ చేస్తే కంప్రెసర్, జాకీలతో బండి ఇంటి ముందుకే వస్తుంది. ట్యూబ్‌లెస్ టైరైతే చక్రం విప్పక్కర్లేదు, మేకు లాగి, చిల్లు గీకి, జిగురు రాసిన స్ట్రిప్పు దూరిస్తే చాలు. ఆ టైరుని అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ 1947లో బయటపెట్టింది. పట్నంలో సందుకో పంచర్ షాపు ఉంది, అయినా ఇంటికే వస్తున్నారు. అసలు అవసరం ఉన్నది ఘాట్ మీద. ఆటోలో గర్భిణీ ఉండొచ్చు, పరీక్షకి వెళ్లే పిల్లలు ఉండొచ్చు.

దీనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పాత బైకు, రాడ్లు, పంపు, ప్యాచీలు, ఒక నెంబరు. నేర్చుకోవడం మాత్రం సరిగ్గా నేర్చుకోవాలి. ఆటో చక్రం రిమ్ము రెండు ముక్కలుగా బోల్టులతో ఉంటుంది. గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు విప్పితే ప్రాణానికే ప్రమాదం.

వేసవి సెలవుల్లో బావా నేనూ నర్సీపట్నంలో ఒక షాపులో కూర్చుని ఈ పని నేర్చుకుందాం అనుకున్నాం. డిగ్రీ చదువుతూ పంచర్లు వేస్తావా అని అమ్మ అంది. చదువు చదువే, పని పనే అన్నాను. ఆ బండరాయి మీద రెండో నెంబరు మా ఊరిది ఉండాలి.

మీ మండలంలో ఘాట్ మీద పంచరైతే ఎవరు వస్తారు? కామెంట్‌లో రాయండి. మనవాళ్లు ఎవరైనా ఈ పని చేస్తుంటే తప్పకుండా చెప్పండి, వెళ్లి కలుస్తాం.

జై జోహార్.