తెల్ల జట్టు, నల్ల జట్టు: హ్యూస్టన్‌లో ఒక పేర్ల సంప్రదాయం

అంతరిక్షానికి వెళ్ళినవారి పేర్లు లోకానికి తెలుసు. నేలమీద కూర్చుని ఆ యానాలను నడిపిన జట్లకు కూడా పేర్లున్నాయని, వాటి వెనుక ఒక వృత్తిధర్మం ఉన్నదని తెలిసినవారు తక్కువ.

తొలి మెర్క్యురీ యానాలు నిమిషాలలో, గంటలలో ముగిసేవి. క్రిస్టఫర్ క్రాఫ్ట్ ఒక్కరే ఫ్లైట్ డైరెక్టరుగా సరిపోయారు. 1963 మే నెలలో గోర్డన్ కూపర్ 34 గంటలు అంతరిక్షంలో ఉన్నప్పుడు జాన్ హాడ్జ్ రెండవ షిఫ్టు చూశారు. 1965 జూన్‌లో జెమినీ 4 నాలుగు రోజులు సాగింది. హ్యూస్టన్ కేంద్రం నుండి నడిపిన తొలి యానం అదే. రోజుకు మూడు జట్లు అవసరమయ్యాయి. క్రాఫ్ట్‌ది ఎరుపు, జీన్ క్రాంజ్‌ది తెలుపు, హాడ్జ్‌ది నీలం. అవి అమెరికా జెండా రంగులే. తర్వాత వచ్చిన గ్లిన్ లన్నీ నలుపు, క్లిఫ్ చార్ల్స్‌వర్త్ ఆకుపచ్చ, జెరీ గ్రిఫిన్ బంగారు రంగు, మిల్టన్ విండ్లర్ మెరూన్ తీసుకున్నారు.

అపోలో 11 ప్రయోగవేళ ఆకుపచ్చ జట్టు, చంద్రునిపై దిగేవేళ తెల్ల జట్టు, అక్కడి నుండి పైకి లేచేవేళ నల్ల జట్టు విధిలో ఉన్నాయి.

దాదాపు మూడు దశాబ్దాలుగా ఆస్పత్రులలో డ్యూటీ అప్పగిస్తూ, అందుకుంటూ వస్తున్న నాకు ఈ రంగులు అలంకారంగా తోచవు. ఉదయం ఏడు గంటలకు ఒక వైద్యుడు కోటు విప్పుతూ, మరొకరు తొడుగుతూ ఉన్న ఆ కొద్ది నిమిషాలే రోగికి గండం. “ఈ క్షణాన ఈ మనిషి ఎవరి చేతిలో ఉన్నాడు?” అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండాలి. జట్టు పేరు ఆ జవాబు.

1970 ఏప్రిల్ 13 రాత్రి అపోలో 13లో ఆక్సిజన్ తొట్టె పేలినప్పుడు విధిలో ఉన్నది తెల్ల జట్టు. వారి షిఫ్టు ముగియవస్తోంది. గంట తిరిగేసరికి లన్నీ నల్ల జట్టు ఆ బాధ్యతను అందుకుంది. మూలనౌకలో విద్యుత్తు ఆరిపోతుండగా, ముగ్గురు వ్యోమగాములను చంద్రనౌకలోకి చేర్చింది. క్రాంజ్ జట్టు ఇళ్ళకు పోలేదు. కుర్చీలను అంటిపెట్టుకొనీ కూర్చోలేదు. మరొక గదిలో చేరి, మిగిలిన విద్యుత్తును, నీటిని లెక్కగట్టి తిరుగు ప్రయాణానికి దారి వెతికింది. ఏప్రిల్ 17న ముగ్గురూ క్షేమంగా పసిఫిక్ సముద్రంలో దిగారు. పట్టు విడవడం కూడా సామర్థ్యమేనని ఆ రాత్రి చెబుతుంది.

ఫ్లైట్ డైరెక్టర్ల సంఖ్య నేడు వందను దాటింది. రంగులు చాలక రత్నాలు, లోహాలు, నక్షత్రాల పేర్లు వచ్చాయి. కొత్తవారు తమ జట్టు పేరును తామే ఎంచుకుంటారు. వారు విరమించినప్పుడు ఆ పేరు కూడా విరమిస్తుంది, మరొకరికి ఇవ్వరు. క్రాంజ్ కోసం ఆయన భార్య మార్తా ప్రతి యానానికీ ఒక చేతుల్లేని కోటు కుట్టేవారు. అపోలో 13 నాటి తెల్లకోటు నేడు స్మిత్‌సోనియన్ సంస్థలో భద్రంగా ఉంది.

మేమూ తెల్లకోట్లే వేసుకుంటాం. కానీ మా షిఫ్టులకు పేర్లు లేవు. ఉంటే, అప్పగించే ముందు మరొక్కసారి చార్టు చదివేవాళ్ళమేమో.