మన్నోజ్ బంధక లెక్టిన్

మన్నోజ్ బంధక లెక్టిన్ మానవుని రక్తరసంలో ఉండే ఒక ప్రోటీను. ఇది కాలేయంలో తయారై రక్తంలోకి విడుదలవుతుంది. బాక్టీరియా, శిలీంధ్రాలు, కొన్ని వైరస్‌ల ఉపరితలంపై ఉండే మన్నోజ్ వంటి చక్కెరలను గుర్తించి వాటికి అతుక్కోవడం, తద్వారా ఆ సూక్ష్మజీవులను నాశనం చేసే ప్రక్రియను ప్రారంభించడం దీని ముఖ్యమైన పని. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలను బట్టి దీనిని ఎమ్‌బీఎల్ అని వ్యవహరిస్తారు. ప్రతిరక్షకాలు తగినంతగా తయారు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎమ్‌బీఎల్ మాత్రం ముందే సిద్ధంగా ఉంటుంది. అందువలన దీనిని సహజ రోగనిరోధక వ్యవస్థలో భాగంగా పరిగణిస్తారు. అయినప్పటికీ ఈ ప్రోటీను లోపించినవారు జనాభాలో చాలామంది ఉన్నారు, వారిలో అత్యధికులు ఆరోగ్యంగానే జీవిస్తున్నారు. ఈ వైరుధ్యం వలననే ఎమ్‌బీఎల్ గురించి విస్తృతంగా పరిశోధనలు జరిగాయి.

పేరు, ఆవిష్కరణ

చక్కెరలను ఎంచి పట్టుకునే ప్రోటీనులను లెక్టిన్‌లు అంటారు. "ఎంచుకొనుట" అనే అర్థం గల లాటిన్ పదం నుండి ఈ పేరును 1954లో విలియం బాయ్డ్, ఎలిజబెత్ షాప్లీ ఏర్పరచారు. మొదట తెలిసిన లెక్టిన్‌లు మొక్కలకు చెందినవి. 1888లో హెర్మన్ స్టిల్‌మార్క్ ఆముదపు గింజలలో ఎర్రరక్తకణాలను గుత్తులుగా అతికించే ప్రోటీను ఉన్నదని కనుగొన్నాడు. ఆ గింజలలోని విషం రిసిన్ కూడా లెక్టినే. (ప్రోటీను కావడం వలన అది నూనెలో కరగదు.) జంతువులలోనూ లెక్టిన్‌లు ఉన్నాయని చాలాకాలం తరువాత గాని తెలియలేదు. మన్నోజ్‌ను బంధించే ప్రోటీనును 1978లో జపాను శాస్త్రజ్ఞుడు కవసాకి బృందం కుందేలు కాలేయం నుండి వేరుచేసింది.

నిర్మాణం

ఎమ్‌బీఎల్ యొక్క ఒక్కొక్క గొలుసులో 248 ఎమైనో ఆమ్లాలు ఉంటాయి. మొదటి 20 ఆమ్లాలు కణం నుండి ప్రోటీనును బయటికి పంపడానికి ఉపయోగపడే సంకేత భాగం. అది తెగిపోగా 228 మిగులుతాయి. వీటిలో నాలుగు భాగాలను గుర్తించవచ్చు. మొదట సిస్టీన్ అధికంగా ఉండే చిన్న భాగం, తరువాత కొల్లాజెన్‌ను పోలిన పొడవైన కాడ, ఆపైన మెడ వంటి చిన్న భాగం, చివరన చక్కెరను పట్టే తల ఉంటాయి.

కొల్లాజెన్ మన చర్మం, ఎముకలు, స్నాయువులలో ఉండే ప్రోటీను. అందులో ప్రతి మూడవ ఎమైనో ఆమ్లం గ్లైసీన్. మూడు గొలుసులు తాడు పేనినట్లు పెనవేసుకున్నప్పుడు లోపలివైపు ఉండే చోటు చాలా ఇరుకు. అన్ని ఎమైనో ఆమ్లాలలోకి చిన్నదైన గ్లైసీన్ మాత్రమే అక్కడ ఇముడుతుంది. ఎమ్‌బీఎల్ కాడ కూడా ఈ నియమం మీదనే ఏర్పడింది. మూడు గొలుసులు ఇలా పెనవేసుకొని మూడు తలలు గల ఒక త్రయం అవుతుంది. సిస్టీన్‌ల మధ్య గంధకపు బంధాల ద్వారా ఇటువంటి త్రయాలు మరల రెండు మొదలుకొని ఆరు వరకు ఒకచోట చేరతాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఈ అణువు కాడలు ఒకచోట కట్టి పూలు పైకి విప్పుకున్న గుత్తిలా కనిపిస్తుంది. ఆరు త్రయాల గుత్తిలో 18 తలలు ఉంటాయన్నమాట. కాంప్లిమెంటు వ్యవస్థకు చెందిన సీ1క్యూ అనే ప్రోటీను ఆకృతి కూడా ఇటువంటిదే.

చక్కెరను పట్టే విధానం

ఎమ్‌బీఎల్ తలకు చక్కెరను పట్టడానికి కాల్షియం అవసరం. 1992లో విలియం వైస్, కర్ట్ డ్రికామర్, వేన్ హెండ్రిక్సన్ ఎలుకలోని ఇటువంటి ప్రోటీను స్ఫటికాన్ని చక్కెరతో సహా పరిశీలించి ఈ విధానాన్ని స్పష్టపరిచారు. చక్కెర ఉంగరంలోని 3వ, 4వ కార్బన్‌లకు ఉన్న రెండు హైడ్రాక్సిల్ సమూహాలు నేరుగా కాల్షియం అయానుతో బంధం ఏర్పరుస్తాయి. అవే సమూహాలను చుట్టూ ఉన్న ఎమైనో ఆమ్లాలు కూడా పట్టి ఉంచుతాయి.

ఆ రెండు హైడ్రాక్సిల్‌లు ఉంగరం తలం వెంబడి పక్కలకు చాచి ఉంటేనే ఈ పట్టు కుదురుతుంది. మన్నోజ్, ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్‌లలో అవి ఆ విధంగానే ఉన్నాయి. గ్లూకోజ్‌లోనూ అలాగే ఉన్నా దానిపై పట్టు మరింత బలహీనం. గెలాక్టోజ్‌లో 4వ హైడ్రాక్సిల్ తలానికి నిలువుగా నిలిచి ఉంటుంది. అందుచేత గెలాక్టోజ్‌ను ఎమ్‌బీఎల్ పట్టుకోదు. మన కణాల ఉపరితలంపై ఉండే చక్కెర గొలుసుల చివరలు ఎక్కువగా గెలాక్టోజ్‌తోనో సియాలిక్ ఆమ్లంతోనో ముగుస్తాయి, లోపలి మన్నోజ్ మరుగున పడి ఉంటుంది. తనవాటిని విడిచి పరాయివాటిని పట్టడానికి మొదటి ఆధారం ఒక హైడ్రాక్సిల్ దిశ కావడం విశేషం. 1992లోనే డ్రికామర్ ఎలుక ప్రోటీనులో 185వ చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు గ్లుటమైన్‌ను, 187వ చోట ఆస్పరజీన్ బదులు ఆస్పార్టిక్ ఆమ్లాన్ని ఉంచగా, అది మన్నోజ్ కంటె గెలాక్టోజ్‌ను ఎక్కువగా పట్టసాగింది.

రెండవ ఆధారం దూరం. ఒక్క తల ఒక్క చక్కెరను పట్టే బలం చాలా స్వల్పం, పట్టినది వెంటనే జారిపోతుంది. అనేక తలలు ఒకేసారి పట్టినప్పుడే అణువు నిలుస్తుంది. మానవ ఎమ్‌బీఎల్ త్రయంలో రెండు తలల చక్కెర స్థానాల మధ్య దూరం సుమారు 45 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 4.5 నానోమీటర్లు. మన ప్రోటీనులకున్న చిన్న చక్కెర కొమ్మ ఇంత దూరం అందదు. ఈస్టు, బాక్టీరియాల పైపొరపై చక్కెరలు వరుసలుగా, దట్టంగా పరచుకొని ఉంటాయి కనుక అన్ని తలలకూ పట్టు దొరుకుతుంది. సియాలిక్ ఆమ్లపు తొడుగు గల కొన్ని బాక్టీరియాలు మాత్రం ఈ చూపు నుండి తప్పించుకుంటాయి.

విధులు

ఎమ్‌బీఎల్ తానుగా సూక్ష్మజీవిని చంపదు. దాని కాడలకు మాస్ప్-1, మాస్ప్-2 అనే ఎంజైములు నిద్రాణస్థితిలో అంటిపెట్టుకొని ఉంటాయి. తలలు సూక్ష్మజీవిని పట్టగానే ఇవి మేల్కొంటాయి. మాస్ప్-1 మాస్ప్-2ను చైతన్యపరుస్తుంది, మాస్ప్-2 కాంప్లిమెంటు ప్రోటీనులైన సీ4, సీ2లను ఖండిస్తుంది. ఆ ముక్కల కలయికతో ఏర్పడిన కొత్త ఎంజైము సీ3 ప్రోటీనును ఖండించి, దాని ముక్కలతో సూక్ష్మజీవిని కప్పివేస్తుంది. ఇలా పూత పడిన సూక్ష్మజీవిని తెల్లరక్తకణాలు సులభంగా మింగుతాయి. దీనినే కాంప్లిమెంటు వ్యవస్థలో లెక్టిన్ మార్గం అంటారు. సీ1క్యూతో మొదలయ్యే మార్గం ప్రధానంగా ప్రతిరక్షకాలపై ఆధారపడుతుంది, లెక్టిన్ మార్గానికి వాటి అవసరం లేదు.

లోపం

1968లో ఒక వైద్య నివేదికలో, తరచు అంటురోగాలకు గురవుతున్న ఒక పసిబిడ్డ గురించి వివరించారు. బిడ్డ తెల్లకణాలు ఆరోగ్యంగానే ఉన్నాయి కాని, రక్తరసం ఈస్టు కణాలకు పూత వేయలేకపోయింది. ఆరోగ్యవంతుల రక్తరసం చేర్చితే ఆ లోపం సరి అయ్యింది. ఇటువంటి పిల్లలలో కొరవడినది ఎమ్‌బీఎల్ అని 1989లో గాని తేలలేదు. 1991లో దానికి కారణమైన జన్యులోపాన్ని గుర్తించారు.

ఈ ప్రోటీనుకు మూలమైన ఎమ్‌బీఎల్2 జన్యువు 10వ క్రోమోజోముపై ఉన్నది. (ఎమ్‌బీఎల్1 కూడా ఉన్నది గాని మానవులలో అది పనిచేయని జన్యువు.) 54వ, 57వ కోడాన్‌ల వద్ద వచ్చే మార్పులలో గ్లైసీన్ స్థానంలో పెద్ద ఆమ్లం చేరుతుంది, 52వ కోడాన్ వద్ద ఆర్జినీన్ బదులు సిస్టీన్ వస్తుంది. ఈ మూడూ కాడ భాగంలోనివే. త్రయంలో ఒక్క గొలుసు చెడినా పేనిక సరిగా కుదరదు. అందుచేత తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే లోపం సంక్రమించినా రక్తంలో పనిచేసే ఎమ్‌బీఎల్ బాగా తగ్గుతుంది. జన్యువు ముందుభాగంలోని మార్పులు కూడా పరిమాణాన్ని ప్రభావితం చేస్తాయి. ఫలితంగా ఒక మిల్లీలీటరు రక్తరసంలో 50 నానోగ్రాములకంటె తక్కువ ఉన్నవారూ, 5,000 నానోగ్రాములు దాటినవారూ ఉన్నారు. ఆరోగ్యవంతులలోనే ఇంత తేడా కనిపించే రక్త ప్రోటీనులు అరుదు.

తల్లి నుండి వచ్చిన ప్రతిరక్షకాలు తగ్గి, సొంతవి ఇంకా పూర్తిగా ఏర్పడని పసివయసులోను, క్యాన్సరు మందుల వలన తెల్లకణాలు తగ్గినప్పుడు, సిస్టిక్ ఫైబ్రోసిస్ వంటి వ్యాధులలోను ఈ లోపం హాని చేయవచ్చునని పలు అధ్యయనాలు సూచించాయి. కాని 2004లో డెన్మార్కులో 9,245 మంది పెద్దలపై జరిగిన అధ్యయనంలో, లోపం గలవారికి వ్యాధులు గాని మరణాలు గాని చెప్పుకోదగినంత ఎక్కువ కాలేదు. రక్షణ వ్యవస్థలో ఒక మార్గం మూసుకుపోయినా, పెద్దవారిలో ఇతర మార్గాలు ఆ పని చేస్తాయని దీనినిబట్టి భావించవచ్చు.

ఇంత విస్తృతంగా వ్యాపించిన లోపం వలన ఏదో మేలు ఉండి ఉంటుందని కొందరు ఊహించారు. కణాల లోపల నివసించే క్రిములు ఈ పూతను ఆసరాగా చేసుకొని కణంలో ప్రవేశిస్తాయి కనుక, పూత తక్కువైతే లాభమని వారి వాదన. 2006లో వివిధ ఖండాల ప్రజల జన్యువులను పోల్చిన పరిశోధనలో, ఈ మార్పుల వ్యాప్తికి మేలు కీడులకంటె మానవుల వలసలు, యాదృచ్ఛికతలే కారణాలుగా కనిపించాయి.

రక్తరసం నుండి శుద్ధిచేసిన ఎమ్‌బీఎల్‌ను లోపం గల ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు ఎక్కించి చూసిన ప్రయోగ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. చెప్పుకోదగిన దుష్ఫలితాలు కనిపించలేదు. ఎక్కించినదానిలో సగం సుమారు మూడు రోజులలో రక్తం నుండి తొలగిపోయింది. ఈ చికిత్స సాధారణ వాడుకలోకి రాలేదు.