వెనుక చక్రాలతో నడిచే వాహనంలో వణుకు – కారణం కనుగొనే విధానం

బొలెరో, టాటా సుమో, అంబాసిడర్, మారుతి ఓమ్ని, ఈకో – వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇంజను శక్తి వెనుక చక్రాలకు అందుతుంది. అంబాసిడర్ తయారీ 2014లోను, సుమో, ఓమ్నిల తయారీ 2019లోను నిలిచిపోయాయి. పాతబడిన వాహనాలలో వణుకు తరచుగా కనిపించే లోపం. కారణం తెలియక ఒకదాని తరువాత ఒకటిగా భాగాలు మార్పిస్తే డబ్బు పోతుందే తప్ప వణుకు పోదు. ముందుగా కారణాన్ని నిర్ధారించుకోవడమే వివేకం.

శక్తి ప్రయాణించే దారి

ఇంజను నుండి క్లచ్, గేర్‌బాక్స్‌ల మీదుగా శక్తి ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు చేరుతుంది. వాహనం అడుగున పొడవుగా ఉండే ఈ గొట్టం వెనుకనున్న డిఫరెన్షియల్‌ను తిప్పుతుంది. అక్కడి నుండి యాక్సిల్ కడ్డీల ద్వారా చక్రాలు తిరుగుతాయి. వెనుక ఇరుసు గతుకులకు పైకీ కిందికీ కదులుతుంది గనుక షాఫ్ట్ కొసలలో క్రాస్ జాయింట్లు అమర్చుతారు. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న వాహనాలలో నడుమ సెంటర్ బేరింగ్ కూడా ఉంటుంది.

వణుకు దేనిని అనుసరిస్తోంది?

మొదటి పరీక్ష: వాహనాన్ని ఆరుబయట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజను వేగాన్ని పెంచి చూడాలి. అప్పుడూ వణికితే ఇంజనును, దానిని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులను అనుమానించాలి.

రెండవ పరీక్ష: రద్దీ లేని చదునైన రోడ్డుపై వణుకు వచ్చే వేగానికి చేరి, అదే వేగంలో మరొక గేరు మార్చి చూడాలి. ఇంజను వేగం మారినా వణుకు అదే రోడ్డు వేగంలో నిలిస్తే, దోషం గేర్‌బాక్స్‌కు తరువాతి భాగాలలో – షాఫ్ట్, డిఫరెన్షియల్, చక్రాలలో – ఉన్నట్లు. గేరుతో పాటు వణుకు మారితే ఇంజను, క్లచ్‌ల వైపు చూడాలి.

చక్రమా, షాఫ్టా?

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఇటువంటి వాహనపు చక్రం సెకనుకు సుమారు 8 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అయితే షాఫ్ట్ సుమారు 32 సార్లు తిరుగుతుంది. అందుచేత చక్రపు దోషం నెమ్మదైన ఊపుగా, షాఫ్ట్ దోషం సన్నని జలదరింపుగా తెలుస్తుంది. స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలను, సీటూ అడుగు రేకూ అదిరితే వెనుక చక్రాలను లేదా షాఫ్ట్‌ను ముందుగా పరీక్షించాలి. ముందు టైర్లను వెనుకకు, వెనుకవి ముందుకు మార్చినప్పుడు వణుకు స్థలం మారితే దోషం చక్రాలదే.

ఇతర గుర్తులు

• బయలుదేరేటప్పుడు, గేరు వేసినప్పుడు “టక్” మనే శబ్దం: అరిగిన క్రాస్.
• బరువు వేసి బయలుదేరినప్పుడు మాత్రమే అదురు: షాఫ్ట్ కోణం మారడం, కమాను పట్టీలు కుంగడం, సెంటర్ బేరింగ్ రబ్బరు చిరగడం, క్లచ్ దోషం.
• యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక విధంగా, వదిలినప్పుడు మరొక విధంగా వినవచ్చే ఊళ: డిఫరెన్షియల్ పళ్ళు లేదా పినియన్ బేరింగ్.
• వేగం పెరిగే కొద్దీ హెచ్చే వణుకు: షాఫ్ట్ వంగడం, బ్యాలెన్స్ తూకపు ముక్క ఊడిపోవడం, లేదా షాఫ్ట్‌కు బురద పట్టడం.

పొలాల దారిలో తిరిగే వాహనమైతే ముందుగా షాఫ్ట్‌కు అంటుకున్న మట్టిని, చుట్టుకున్న తాడును, గడ్డిని తొలగించాలి. ఖర్చు లేని ఈ పనితోనే వణుకు పోయే సందర్భాలున్నాయి.

క్రాస్ పరీక్ష

ఇంజను ఆపి, చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన వాహనం కిందికి ఎన్నడూ దూరరాదు. షాఫ్ట్‌ను ఒక చేత, దానికి కలిసిన యోక్‌ను మరొక చేత పట్టి ఎదురెదురుగా తిప్పాలి. రెండింటి నడుమ కదలిక ఉంటే క్రాస్ అరిగినట్లే. కప్పుల చుట్టూ ఎర్రని తుప్పు పొడి కనిపిస్తే లోపలి సూది బేరింగులు ఎండిపోయాయని గ్రహించాలి. షాఫ్ట్, యోక్ కలిసి కొద్దిగా కదలడం మాత్రం డిఫరెన్షియల్ పళ్ళ సందు వల్ల సహజం.

షాఫ్ట్ విప్పించేటప్పుడు ఫ్లాంజిల మీద రంగుతో గుర్తు పెట్టించాలి. గుర్తు తప్పి బిగిస్తే బ్యాలెన్స్ చెడవచ్చు. రెండు ముక్కలు కలిసే చోట యోక్‌లు తప్పు వరుసలో కూర్చుంటే కొత్త క్రాస్ వేసినా వణుకు తగ్గదు.

వాయిదా వేయదగినది కాదు

క్రాస్ విరిగి షాఫ్ట్ ముందు కొస రోడ్డుపై పడితే నేలకు గుచ్చుకుని వాహనం అదుపు తప్పే ప్రమాదముంది. కనుక శబ్దం, వణుకు రెండూ ఉన్న వాహనంలో మనుషులను ఎక్కించి దూర ప్రయాణం చేయరాదు. షెడ్డుకు వెళ్ళే ముందు వణుకు వచ్చే వేగం, గేరు, బరువు కాగితంపై రాసుకోవడం మంచిది. మెకానిక్ భాష కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా, మరాఠీ అయినా అంకెలూ, క్రాస్, షాఫ్ట్ అనే పేర్లూ అందరికీ ఒకటే.