గొట్టం గుట్టు

1855 ఏప్రిల్‌లో లండన్ సోహో ప్రాంతంలోని బ్రాడ్ స్ట్రీట్‌లో, 40వ నంబరు ఇంటి దగ్గర జెహోషఫాట్ యార్క్ అనే సర్వేయరు తవ్వకం మొదలుపెట్టించాడు. అంతకు ముందటి ఏడు ఆగస్టు ఆఖరున ఆ పేటలో కలరా విరుచుకుపడి, ఆరువందల మందికి పైగా ప్రాణాలు తీసింది. వీధిలో ఉన్న చేతిపంపు నీళ్ళే దీనికి కారణమని డాక్టర్ జాన్ స్నో పట్టుబట్టడంతో సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీశారు. కానీ పంపు కింది బావిని లోపలి నుంచి పరీక్షించిన వాళ్ళకి చిల్లు ఎక్కడా కనిపించలేదు. మరి నీళ్ళు ఎలా పాడైనట్టు?

స్నో వాదన తప్పని తేల్చడానికి ఇల్లిల్లూ తిరిగిన హెన్రీ వైట్‌హెడ్ అనే పాదిరి చివరికి స్నో పక్షానికే వచ్చాడు. మరణాల చిట్టా తిరగేస్తుంటే, 40వ నంబరు ఇంట్లో విరేచనాలతో చనిపోయిన అయిదు నెలల పాప వివరాలు ఆయన కంటపడ్డాయి. పాప గుడ్డలు ఉతికిన నీళ్ళని తల్లి ఆ ఇంటి మురుగు గుంటలో పోసిందని తెలిసింది. యార్క్ తవ్వించి చూస్తే ఆ గుంట ఇటుకలు ముట్టుకుంటే ఊడొచ్చేలా ఉన్నాయి. దాని నుంచి సాగే కాలువ అతుకుల్లో సున్నం ఎప్పుడో కరిగిపోయింది. ఆ కాలువకీ బావి గోడకీ మధ్య దూరం మూడడుగులైనా లేదు.

చరిత్ర పుస్తకాల్లో పేరంతా పంపు పిడికే దక్కింది. అసలు దోషి మాత్రం ఒక ఇంటి డ్రైనేజీ.

ఇంటి డ్రైనేజీతో చిక్కంతా దాని చోటులోనే ఉంది. కప్పు కారితే చుక్క నెత్తిన పడుతుంది, గోడ బీటలు వారితే కంటికి కనిపిస్తుంది. నేల కింద గొట్టం పగిలితే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు. అందుకే గొట్టాలు వేయడం నేర్చిన చాలా కాలానికి గాని, వేసిన గొట్టంలో లోపం పట్టుకోవడం మనుషులకి చేతకాలేదు. తొట్టి కింద వంపులో కాసిని నీళ్ళు నిలిపి మురుగు వాసనని ఆపే ట్రాప్‌కి అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు 1775లోనే పేటెంటు తీసుకున్నాడు. హెన్రీ డౌల్టన్ 1846లో లాంబెత్‌లో ఉప్పుమెరుగు మట్టి గొట్టాల తయారీకి ఫ్యాక్టరీ పెట్టాడు. 1858 వేసవిలో థేమ్స్ కంపుకి పార్లమెంటే తల్లడిల్లాక, ఇంజనీరు బాజల్‌గెట్ నగరమంతటా పెద్ద తూములు కట్టాడు. వీధి బాగుపడింది. గుమ్మం లోపల మాత్రం ఎవరి అదృష్టం వారిదే.

ఆ అదృష్టం 1871లో రాజకుమారుణ్ణే వెక్కిరించింది. స్కార్‌బరోలోని లండెస్‌బరో లాడ్జిలో బస చేసిన వేల్స్ యువరాజుకి టైఫాయిడ్ వచ్చి ప్రాణం మీదకి తెచ్చింది. అదే ఇంట్లో అతిథిగా ఉన్న చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు ఆ జ్వరంతోనే పోయాడు. నేరం ఇంటి డ్రైనేజీ మీద పడింది. సంపన్నుల ఇళ్ళల్లో గుబులు పుట్టింది. మురుగు గొట్టాల్లోంచి లేచే గాలే టైఫాయిడ్ తెస్తుందని అప్పటి నమ్మకం. అది తప్పు, ఆ జబ్బు వ్యాపించేది కలుషితమైన నీటితో, తిండితో. అయితే ఆ తప్పు సిద్ధాంతమే గొట్టాల్ని బాగుచేయించిందని ఒప్పుకోవాలి. గాలి కూడా దూరని అతుకులోంచి నీరు కారదు కదా!

లీడ్స్ నగరపు సర్జన్ ప్రిడ్జిన్ టీల్ 1878లో ఏకంగా ఒక బొమ్మల పుస్తకమే వేశాడు. ఇంటిని నిలువునా కోసినట్టు గీసి, ఎలుకలు బొరియలు చేసిన కాలువల్నీ, సిమెంటు పెట్టకుండా వదిలేసిన అతుకుల్నీ, మరుగుదొడ్డి గొట్టంలోకి తెరుచుకున్న మంచినీళ్ళ ట్యాంకునీ చూపించాడు. రోగి నాడి పట్టుకున్న వైద్యుడే ఇంటి నేల కింద కూడా వెతకాల్సి వచ్చింది.

మరి నేల తవ్వకుండా తెలుసుకోవడం ఎలా? దీనికి ఆనాటి పనివాళ్ళు కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది: పెప్పర్‌మింట్ పరీక్ష. ఒకడు మేడమీదకి ఎక్కి, పైకి తెరుచుకున్న గొట్టంలో ఘాటైన పుదీనా నూనె పోసి, వెనకే వేడినీళ్ళు కుమ్మరిస్తాడు. రెండోవాడు కింద గది గదీ తిరిగి వాసన చూస్తాడు. వంటింటి మూలలో పుదీనా గుప్పుమంటే గొట్టం అక్కడ పగిలినట్టే. నూనె పోసినవాడికి మాత్రం పరీక్ష ముగిసేదాకా ఇంట్లోకి ప్రవేశం లేదు, ఎందుకంటే చేతులకీ బట్టలకీ అంటుకున్న వాసన ఇల్లంతా లీకులున్నాయని నమ్మించేస్తుంది. తర్వాత పొగ పరీక్ష వచ్చింది. నూనె దూది కాల్చి ఆ పొగని యంత్రంతో గొట్టంలోకి ఊదితే, పగులున్న చోటల్లా పొగ లేస్తుంది. అన్నిటికన్నా నిక్కచ్చిది నీటి పరీక్ష. గొట్టం కింది కొస మూసి, నిండా నీళ్ళు పట్టి, మట్టం దిగుతుందేమో చూడడమే. కొత్త ఇంటికి పైపులు వేశాక మట్టి కప్పక ముందే ఈ పరీక్ష చేయించుకునే యజమాని తెలివైనవాడు.

పగులు సంగతి అలా తేలింది గాని, జామ్ సంగతి మిగిలే ఉంది. మట్టి గొట్టాల అతుకుల సందుల్లోంచి చెట్ల వేర్లు తడిని వెతుక్కుంటూ లోపలికి చొచ్చుకొచ్చి, జల్లెడలా అల్లుకుని, వచ్చిన చెత్తనల్లా పట్టేస్తాయి. ఒక్క సింకు మాత్రమే నెమ్మదిస్తే తప్పు ఆ సింకు పైపులోనే. బాత్రూమూ వంటిల్లూ ఒకేసారి మొరాయించి, ఒకచోట నీళ్ళు వదిలితే ఇంకోచోట గుడగుడమంటే చిక్కు ప్రధాన లైనులో ఉన్నట్టు. పూర్వం దానికి తవ్వడం తప్ప మందు లేదు. 1930లలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో శామ్యూల్ బ్లాంక్ అనే ఆయన, కొడుకు అపార్ట్‌మెంటులో డ్రైనేజీ మొండికేసి విసిగించడంతో, వాషింగ్ మెషీన్ మోటారుకి ఉక్కు తీగ తగిలించి, దాని కొసన తిరిగే కత్తులు పెట్టి వేర్లని గొట్టంలోనే కోసేశాడు. భార్య దానికి రోటో-రూటర్ అని పేరు పెట్టింది. అప్పుడది మహామాంద్యం కాలం. ఆ యంత్రం కొనుక్కుని దాని మీదే బతుకుతెరువు వెతుక్కున్నారు పని లేని వాళ్ళు.

హైదరాబాదులో కథ వరదతో మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచెత్తాక, నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన వరద నివారణతో ఆగకుండా భూగర్భ డ్రైనేజీ పథకానికీ రూపమిచ్చాడు. నిజాం కాలంలో వేసిన లైన్లు పాత నగరం కింద ఇంకా పనిచేస్తున్నాయి. వాటికి అతికిన ఇళ్ళూ, అంతస్తులూ మాత్రం ఆనాటి లెక్కలకి అందనివి.

అమెరికాలో యంత్రం చేసిన పనిని ఇక్కడ చాలాకాలం మనిషి ఒంటితో చేయించారు, ఆ మనిషి కులాన్ని బట్టి. మురుగు కాలువల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ రక్షణ లేకుండా మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా దిగి చనిపోయినవారి కుటుంబాలకి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలకి పెంచింది. హైదరాబాదు జలమండలి 2017లో ఇరుకు సందుల్లో దూరగల చిన్న జెట్టింగ్ యంత్రాల్ని తెచ్చింది. ఇంటి లోపలి లైనుకి మాత్రం ఇప్పటికీ యజమాని ఎవరిని పిలిస్తే వాళ్ళే వస్తారు, ఒక వెదురు బద్దతోనో, ఉత్త చేతులతోనో.