కార్డు మధ్యలో లాగేస్తే...

2004లో మా బాబాయి అమెరికా నుంచి వస్తూ ఒక లాప్‌టాప్ తెచ్చాడు. దానికి ఓ పక్కన సన్నటి సందు, అందులో ఉత్త ప్లాస్టిక్ ముక్క. పక్కనున్న బుడిపె నొక్కితే ముక్క బయటికొచ్చేది. మా పిల్లలందరికీ అదో పెద్ద ఆట. బాబాయి మాత్రం తన కెమెరాలోని కాంపాక్ట్ ఫ్లాష్ కార్డుని ఒక అడాప్టర్‌లో పెట్టి ఆ సందులో దూర్చేవాడు, ఫోటోలు తెర మీదికొచ్చేవి.

ఓ రోజు ఫోటోలు కట్ చేసి హార్డ్ డిస్క్‌లో పేస్ట్ చేస్తూ టీ కోసం లేచాడు. నేను వెళ్ళి బుడిపె నొక్కేశాను. మళ్ళీ పెడితే విండోస్ "ఫార్మాట్ చేయాలా?" అని అడిగింది. మా నానమ్మతో గడిపిన ఆఖరి సంక్రాంతి ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఎవరూ కొట్టలేదు. "చెప్పి తీయాలిరా" అన్నాడు బాబాయి, అంతే. కొట్టినా బాగుండేది.

ఇంజినీరింగ్ అయ్యాక ఆ సందు చరిత్ర తవ్వాను. తప్పు నా ఒక్కడిదేనా అని చిన్న ఆశ :)

ఆ స్లాట్‌ని తయారుచేసింది 1989లో అమెరికాలో పుట్టిన పీసీఎంసీఐఏ అనే సంఘం. ఆ పేరు ఎవరికీ నోరు తిరక్కపోవడంతో, "పీపుల్ కాంట్ మెమరైజ్ కంప్యూటర్ ఇండస్ట్రీ యాక్రొనిమ్స్" అని జనం జోకులేసుకున్నారు. చివరికి వాళ్ళే పీసీ కార్డ్ అని మార్చుకున్నారు. 1990లో వచ్చిన మొదటి ప్రమాణం మెమరీ కార్డుల కోసమే. మోడెమ్, నెట్‌వర్క్ కార్డులు ఆ తర్వాత చేరాయి. 1995లో 32 బిట్ల కార్డ్‌బస్, 2003లో ఎక్స్‌ప్రెస్ కార్డ్ వచ్చాయి. ఈలోపు వైఫై మదర్‌బోర్డు మీదికి, మిగతావన్నీ యూఎస్‌బీకి వెళ్ళిపోయాయి. ఆ దశాబ్దం తిరిగేసరికి సంఘమే దుకాణం సర్దేసింది.

ఇంతకీ నన్ను ఆపేసిన విషయం ఇది. ఆ స్లాట్ లోపల 68 పిన్నులుంటాయి, అన్నీ ఒకే పొడవు కావు. కరెంటు, గ్రౌండ్ పిన్నులు అన్నిటికన్నా పొడవు. సిగ్నల్ పిన్నులు కాస్త పొట్టి. కార్డు ఉందో లేదో చెప్పే రెండు పిన్నులు అన్నిటికన్నా పొట్టి. అంటే కార్డు లాగినప్పుడు ముందు తెగేది ఆ రెండే. కరెంటు ఇంకా అందుతుండగానే "కార్డు వెళ్ళిపోతోంది" అని మెషీన్‌కి కబురు అందుతుంది. చెప్పకుండా లాగే నాలాంటి వెధవ ఒకడు వస్తాడని 1990లోనే వాళ్ళకి తెలుసన్నమాట!

మరి ఫోటోలెందుకు పోయాయి? ఆ కబురు సర్క్యూట్‌ని కాపాడటానికి సరిపోతుంది గానీ, సగం రాసిన ఫ్యాట్ పట్టికని పూర్తి చేయడానికి సరిపోదు. ఆ బాధ్యత టాస్క్‌బార్ మూలనున్న చిన్న ఐకాన్‌కి, అంటే మనిషికి, వదిలేశారు. ముందు స్టాప్ నొక్కు, తర్వాత తీయి. ఏడేళ్ళ పిల్లాడికి ఆ ఐకాన్ ఏం తెలుసు?

సరిగ్గా అదే కొలతల్లో, 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 వెడల్పుతో ఇంకో కార్డు ఉంది. అదే స్మార్ట్ కార్డ్. 1960ల చివర్లో జర్మనీలో హెల్ముట్ గ్రోట్రుప్, యూర్గెన్ డెత్లోఫ్, 1974లో ఫ్రాన్స్‌లో రోలాండ్ మొరెనో దీనికి పేటెంట్ల బాట వేశారు. 1983లో ఫ్రాన్స్ టెలిఫోన్ బూతుల్లోకి, ఆ తర్వాత బ్యాంకు కార్డుల్లోకి వచ్చింది. దీనికి వంగే పిన్నులు లేవు, ఉన్నవల్లా చదునైన బంగారు పూత పలకలు. బూతులో హడావిడిగా ఉన్నవాడికి "ముందు స్టాప్ నొక్కండి" అని చెప్పలేం. కాబట్టి వీళ్ళు లాగేయడాన్ని తప్పుగా కాక మామూలు విషయంగా లెక్కేసుకున్నారు. దానికో పేరు కూడా ఉంది, కార్డ్ టేర్. 1990ల చివరి జావా కార్డ్‌లో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి కమిట్ చేసేలోపు కార్డు లాగేశారనుకోండి, మళ్ళీ కరెంటు అందగానే అది పాత విలువలకే తిరిగి వెళ్తుంది. సగం తెగిన బ్యాలెన్స్ అంటూ ఉండదు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. కొన్ని కిలోబైట్ల డేటాకి పాత కాపీ దాచుకోవడం సులువు. వందల మెగాబైట్ల ఫోటోలకి, అదీ కెమెరాకీ కంప్యూటర్‌కీ ఇద్దరికీ అర్థమవ్వాల్సిన ఫ్యాట్ మీద, అంత సులువు కాదు. అయినా "యూజర్‌దే తప్పు" అనే దారి ఎంతకాలం నడిచిందో చూడండి. బయటి డ్రైవులని చెప్పకుండా తీసినా ఫర్వాలేదనే పద్ధతిని విండోస్ 10 డిఫాల్ట్ చేసింది 2018లో, 1809 వెర్షన్‌లో!

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల మా టీంలో ఒక బగ్ వచ్చింది. ఫారం సేవ్ అవుతుండగా ఎవరో ట్యాబ్ మూసేశారు, రికార్డు సగమే పడింది. "యూజర్ ఎర్రర్" అని రాసి క్లోజ్ చేసింది నేనే. ఇంటికెళ్ళాక ఆ ప్లాస్టిక్ ముక్క గుర్తొచ్చింది.

పొద్దున్నే బగ్ మళ్ళీ తెరిచాను. ఫిక్స్ రెండు రోజుల పని. బాబాయికి ఫోన్ చేసి పిన్నుల పొడవు కథంతా చెబితే, మొత్తం విని "అయితే నీ తప్పు సగమే అంటావు" అని నవ్వాడు.

సగమే బాబాయ్. మిగతా సగం మాలాంటి వాళ్ళది.