కంపెనీ లెక్కల్లో చుట్టరికాలు, రాజకీయ పరిచయాలు

బండి ఆత్మకూరులో ఎరువుల కొట్టాయన అప్పు ఎవరికి ఇస్తాడు? తెలిసినోళ్లకి, తెలిసినోళ్లు చెప్పినోళ్లకి. పెద్ద కంపెనీల్లోనూ చాలావరకు ఇంతే. తేడా ఏంటంటే, కొట్టాయన పెట్టేది సొంత డబ్బు, కంపెనీ పెట్టేది వాటాదారుల డబ్బు.

తెలుగువాళ్లకు పెద్ద పాఠం సత్యం కంప్యూటర్స్. 2008 డిసెంబర్ 16న, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని బోర్డు నిర్ణయించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకు? అడగాల్సింది స్వతంత్ర డైరెక్టర్లు. హార్వర్డ్ ప్రొఫెసర్, మాజీ కేబినెట్ కార్యదర్శి లాంటి పెద్దమనుషులంతా ఉన్న బోర్డే ఒప్పుకుంది. అడ్డుపడింది ఇన్వెస్టర్లు. కొన్ని గంటల్లోనే కొనుగోలు రద్దయింది.

2009 జనవరి 7న రాజు లేఖ బయటకొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. ఆ గుంటను మేటాస్ ఆస్తులతో పూడ్చడమే కొనుగోలు ఉద్దేశమని ఆయనే రాశారు. ఒక్కరోజులో షేరు 75 శాతానికి పైగా పడింది. మేటాస్‌ ముందుండి దక్కించుకున్న హైదరాబాద్ మెట్రో కాంట్రాక్టు కూడా అదే ఏడాది రద్దయింది.

ఆ తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, బంధువుల కంపెనీలతో లావాదేవీలకు 188వ సెక్షన్‌లో షరతులు పెట్టింది. లిస్టయిన కంపెనీ బోర్డులో మూడోవంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలంది. వాళ్లను ఎంపిక చేయడంలో ప్రమోటర్ మాటే ఇప్పటికీ చెల్లుతుంది, చిక్కంతా అక్కడే.

రాజకీయ బంధం వేరే దారిలో నడుస్తుంది. మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు విరాళం ఇవ్వకూడదన్న హద్దును 2017లో ఎత్తేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వొచ్చన్నమాట. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లతో పాటు ఈ సవరణనూ కొట్టేసింది. ఆ తర్వాత బయటపడ్డ జాబితాలో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ 966 కోట్లతో రెండో స్థానంలో ఉంది.

పరిచయం ఉండటమే తప్పు కాదు. నంది పైపుల అధినేత ఎస్పీవై రెడ్డి నంద్యాల నుంచి మూడుసార్లు ఎంపీ అయ్యారు, వ్యాపారం చేసేవాళ్లు ఎన్నికల్లో నిలబడటం మన దగ్గర మామూలే. షేర్లు కొనే కుటుంబం చూడాల్సింది వార్షిక నివేదికలో 'రిలేటెడ్ పార్టీ' పట్టిక: ఎవరి కంపెనీకి ఎంత అప్పిచ్చారు. ప్రమోటర్ షేర్లలో ఎన్ని తాకట్టులో ఉన్నాయో విడిగా చూసుకోవాలి.