రెండవ భాగము ఎక్కడ?

కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్రము మొదటి భాగము 1911లోను, రెండవది 1915లోను వెలువడినవి. పంతులుగారు 1919లో గతించారు. అనగా రెండు భాగాలూ వారు జీవించియుండగానే అచ్చయినవి. ప్రథమ ముద్రణ ప్రతులను మేము వెదకుటకు కారణమిదే, ధర కాదు.

నాలుగేండ్ల యెడమున వచ్చిన పుస్తకాలు ఒక యింట జతగా ఉండుట అరుదు. మొదటిది కొన్నవారందరూ రెండవది కొనలేదు. గాంధీజీ ఆత్మకథ ఇంగ్లీషు ప్రథమ ముద్రణ కూడ ఇట్లే 1927లో ఒక సంపుటముగా, 1929లో మరొకటిగా వచ్చినది. దానిని సేకరించేవారికీ ఇదే అవస్థ.

గౌనిపల్లిలో ఒక పాత యింటి అటకమీద మాకు మొదటి భాగము దొరికింది. చెదలు అంచులు మాత్రమే తిన్నవి. మధ్య పుటలు వేళ్ల మరకలతో నల్లబడినవి. కాని ముఖపత్రము లేదు! పిల్లలెవరో పడవ చేసియుందురు. ముద్రణ సంవత్సరము సాధారణంగా ఆ కాగితముమీదనే ఉండును గనుక, మా ప్రతి 1911 నాటిదని ఒట్టువేసి చెప్పలేము. డబ్బివ్వబోతే ఆ యింటి పెద్దమ్మ పుచ్చుకోలేదు. “మా మామ దినామూ చదువుతా ఉండె నాయనా, చించకుండా పెట్టుకో” అన్నది.

సంఘసభ్యుల యిండ్లలో రెండవ భాగమున్నచో దయచేసి పాతకాగితాలవానికి వేయక మాకు కబురుచేయండి. ఒక్కసారి చూపించినా చాలును.